ఎదురుచూపుల కాలమున ఎల్లారెడ్డి ప్రయాణము

ఎదురుచూచుట యననేమో మన స్త్రీల కెవరును నేర్పనక్కఱలేదు. పాలు తోడుకొనువఱకు, బిడ్డ జ్వరము దిగువఱకు, పెరుగూరు పోయినవారు గడప త్రొక్కువఱకు వేచియుండుట మనకు పుట్టుకతో వచ్చిన విద్యయే. కాని కొన్ని నిరీక్షణలు గంటలతో ముగియును. కొన్ని యేండ్లు గడచినను ముగియవు. ఈ రెండవ విధపు నిరీక్షణలో నున్న యొక యింటికి మేము 2025వ సంవత్సరము డిసెంబరు మొదటి వారమున పోయి వచ్చితిమి. ఆ ప్రయాణమున చూచినది, విన్నది, మా మనస్సునకు తగిలినది యిచ్చట వ్రాయుచున్నాము.

క్రైస్తవ సంఘములలో పెక్కింట క్రిస్మసు పండుగకు ముందువచ్చు నాలుగు ఆదివారముల కాలమును ఆగమనకాల మందురు. క్రైస్తవులు కాని మా చదువరుల కొకమాట చెప్పవలెను. పండుగకు ముందు ఇల్లు అలుకుట, పిండివంటలు చేయుట, క్రొత్తబట్టలు కుట్టించుట యెల్లవారికిని గలదే. ఈ నాలుగు వారములు మనస్సును గూడ నట్లే శుభ్రము చేసికొని, రానున్న ప్రభువు కొఱకు వేచియుండవలెనని పెద్దలు నియమించిరి. వేచియుండుటయే యొక వ్రతముగా చేసికొను కాలమిది.

మా చెల్లెలిని ఎల్లారెడ్డి కిచ్చితిమి. ఆమె భర్త నాలుగేండ్ల క్రిందట పనికొఱకు గల్ఫు దేశమునకు పోయెను. రెండేండ్లలో వత్తునని పోయినవాడు నేటికిని రాలేదు. పని యిచ్చినవారు కొన్ని నెలల జీతము నిలిపివేసి, పాసుపోర్టును తమ యొద్దనే యుంచుకొనిరి. వారము వారము టెలిఫోనులో మేము చెల్లెలితో, “దేవుని సమయము కొఱకు కనిపెట్టుకొని యుండుము” అని చెప్పుచుంటిమి. తుదకు, ఆమెను, ఆమె కుమారుని మా యింటికి తోడ్కొనివచ్చి, అతడు వచ్చువఱకు మాతోనే యుంచుకొందమని తలచి బయలుదేఱితిమి. మాకు తోడుగా మా చిన్నమ్మ వచ్చెను. ఆమె చాలకాలము ఆసుపత్రులలో నర్సుగా పనిచేసి విశ్రాంతి పొందినది.

సికింద్రాబాదునుండి మన్మాడు పోవు నినుపదారిమీద కామారెడ్డి యొక పెద్ద స్టేషను. నిజాము ప్రభువుల కాలమున హైదరాబాదు–గోదావరీలోయ రైల్వే యను పేర 1899 మొదలు 1901 లోపల ఈ దారి తెఱవబడెను. అప్పుడది మీటరుగేజి, పిమ్మట బ్రాడుగేజిగా మార్చిరి. మేము పోయినప్పుడు దారి కిరుప్రక్కల వరికోతలు ముగిసి, కల్లములలో వడ్లు కుప్పలుగా నుండెను. కొన్నియెడల పొలములలో ఇసుక మేటలు వేసియుండుట చూచి, “ఇదియేమి?” యని తోటిప్రయాణికురాలి నడిగితిమి. ఆమె, “ఆగస్టుల పడ్డ వాన యాదికి లేదా, అమ్మా? గా నీళ్లు చేసిన పని” అనెను.

నిజమే. 2025 ఆగస్టు 27, 28 తేదీలలో కామారెడ్డి జిల్లాలో కుంభవృష్టి కురిసెను. భిక్కనూరు–తలమడ్లల నడుమ రైలుకట్ట కోసుకొనిపోయి బండ్లు నిలిచిపోయెను. పట్టణమున వీధులు వాగులాయెను. ఆ దినములలో చెల్లెలి క్షేమము తెలియక మేము పడిన యాతన మాకు జ్ఞప్తికి వచ్చినది. ఇపుడు బండి యా చోటనే యేమియు జరుగనట్లు సాగిపోవుచుండెను.

కామారెడ్డిలో దిగితిమి. బెల్లపు వ్యాపారమునకు ఈ పట్టణము పేరుమోసినది. పూర్వము నిజామాబాదు జిల్లాలోనిదై, 2016 అక్టోబరు 11వ తేదీన వేఱు జిల్లాకు ముఖ్యస్థాన మాయెను. కామారెడ్డి, బాన్సువాడ, ఎల్లారెడ్డి యనునవి యీ జిల్లాలోని మూడు రెవెన్యూ డివిజనులు. ఎల్లారెడ్డి బస్సుకు ఇంకను చాల సేపున్నందున స్టేషనులోనే బల్లమీద కూర్చుంటిమి. చిన్నమ్మ ఉత్తరపుదిక్కుగా పోవు పట్టాల వంక చూచుచు, “ఈ పట్టాలు పట్టుకొని పోతే డిచ్‌పల్లి వస్తది బిడ్డా. ఎదురుచూసుడు అంటే ఏందో ఆడ నేర్చుకోవాలె” అని, తాను నర్సులలో పెద్దలవలన విన్న కథ చెప్పసాగెను.

ఇసబెల్ కెర్ అను వైద్యురాలు స్కాట్లండు దేశస్థురాలు. తన భర్త, వెస్లియను మిషను బోధకుడైన జార్జి కెర్‌తో గూడ 1907లో హైదరాబాదు రాజ్యమునకు వచ్చెను. కుష్ఠురోగులను ఇల్లు వాకిలినుండి వెడలగొట్టుచున్న కాలమది. వారు చెట్ల క్రిందను, ఊరిబయటను పడియుండి, చావు కొఱకు తప్ప మఱి దేనికొఱకును ఎదురుచూడకుండిరి. నిజామాబాదు రాజా నర్సాగౌడు గారు ద్రవ్యసహాయము చేయగా, 1915లో డిచ్‌పల్లిలో వారికొఱ కాశ్రమము వెలసినది. ఆరంభమున ఆ రోగమునకు నమ్మదగిన మందు లేదు. అటుపిమ్మట చాల్ముగ్ర నూనెను సూదిమందుగా నిచ్చుపద్ధతి వచ్చినది. అదియు నొకటి రెండు దినముల పని గాదు. నెలలతరబడి, ఏండ్లతరబడి ఓర్పుతో పొడిపించుకొనవలసిన మందు. ఆ నూనె సూది మిక్కిలి నొప్పి పుట్టించును.

“మందు లేనినాడు డాక్టరమ్మ ఏం చేసిందో తెలుసా?” అని చిన్నమ్మ యడిగెను. “పుండ్లు కడిగింది. తిండి పెట్టింది. పనులు నేర్పింది. మందు వచ్చెటాళ్లకు వాళ్లను మనుషులుగా నిలబెట్టింది. లేకుంటే మందు వచ్చినా ఎవలకు ఇయ్యాలె?”

ఇసబెల్ కెర్ 1932లో ఆ సేవలో నుండగనే మరణించెను. కుష్ఠునకు నిక్కముగా పనిచేయు మందులు ఆమె కన్నులు చూడలేదు. డాప్సోను వాడుక 1940లలో మొదలైనది; పలుమందులను గలిపి యిచ్చు చికిత్సను ప్రపంచారోగ్యసంస్థ 1981లో నిర్ణయించినది. నేడు ఆరునెలలనుండి సంవత్సరములోపల ఆ వ్యాధి కుదురుచున్నది. మందు ఉచితముగా దొరకుచున్నది. తాను చూడబోని దినము కొఱకు పనిచేసిన యా తల్లిది యెట్టి నిరీక్షణమో యని మేము తలపోయుచుండగనే బస్సువేళ యాయెను.

కామారెడ్డినుండి ఎల్లారెడ్డికి పోవు త్రోవ లింగంపేట మీదుగా నున్నది. లింగంపేటలో నాగన్నబావి యను మెట్లబావి గలదు. 18వ శతాబ్దమునాటిదని చెప్పుదురు. ఎంతయో కాలము పూడికచేతను, పిచ్చిచెట్లచేతను కప్పబడి, ఊరివారికే మఱుగైన యీ బావిని ఇటీవల బాగుచేసిరి. మేము దిగి చూచితిమి. అంతస్తులుగా కట్టిన రాతి తోరణములు, వరుసవరుసగా లోనికి దిగు మెట్లు, అడుగున పచ్చని నీరు. ఇన్ని యేండ్లు మట్టిక్రింద నున్నను ఊట చావలేదు. పైన పూడిక పెరిగినంత మాత్రమున క్రింద నీరు లేదనరాదని మాకు తోచెను. అయినను, ఎవరో గడ్డపార పట్టి త్రవ్వకపోయినయెడల ఆ నీరు నేటికిని వెలుగు చూచియుండదనియు తోచెను. ఈ రెండవమాట విలువ మాకు ఎల్లారెడ్డి చేరినపిమ్మట గాని తెలియలేదు.

మేము చేరుసరికి ప్రొద్దు వాలుచుండెను. చెల్లెలు ఏడ్చుచు మెడను వ్రేలాడునని యనుకొంటిమి. ఆమె నవ్వుచు ఎదురువచ్చి, చిన్నమ్మ కాళ్లకు నీళ్లిచ్చి, “అక్కా, చాయ తాగుండ్రి. ఇగ జరసేపట్ల మంది వస్తరు” అనెను. ఇల్లు చిన్నది. ఒక మూల కుట్టుమిషను, గోడను మేకుకు తగిలించిన కాగితముల కట్ట, చాపమీద పుస్తకములతో మేనల్లుడు. ద్వారబంధముమీద పెన్సిలుతో గీచిన గీతలు నాలుగు. ఏటేట క్రిస్మసునాడు పిల్లవానిని నిలువబెట్టి ఎత్తు గుర్తించి, ఆ గీతను టెలిఫోనులో తండ్రికి చూపునట. దానిని చూడగనే మాకు హన్నా కథ జ్ఞాపకము వచ్చెను. బిడ్డకొఱకు ఏండ్లతరబడి ఏడ్చిన హన్నా, కలిగిన యా ఒక్క బిడ్డను షిలోహులోని దేవాలయమున విడిచివచ్చి, ఏటేట చిన్న అంగీ కుట్టి తీసికొనిపోవుచుండెనని సమూయేలు గ్రంథమున గలదు. కంటికి దూరముననున్న బిడ్డకు ఈ యేడెంత కొలత కావలెనో యని ఆ తల్లి యెన్నిమాఱులు తలపోసికొనెనో! ఆ యింట తల్లి దూరము, ఈ యింట తండ్రి దూరము, కొలత మాత్రమొక్కటే.

దీపములు పెట్టినపిమ్మట పదిమందివఱకు స్త్రీలు వచ్చిరి. ఆగమనకాలపు ప్రార్థనకూటము ఆ సాయంకాలము చెల్లెలి యింట. వచ్చినవారిలో ఇద్దఱు క్రైస్తవులు గారు, పొరుగువారు. ఒక ముసలమ్మ లూకా సువార్తలోని అన్న యను ప్రవక్త్రి కథ చదివించెను. అన్న పనూయేలు కుమార్తె. పెండ్లియైన యేడేండ్లకే భర్తను గోలుపోయి, ఎనుబదినాలుగేండ్ల విధవరాలుగా దేవాలయమును విడువక, ఉపవాసములతో, ప్రార్థనలతో నుండెను. బాలయేసును తల్లిదండ్రులు దేవాలయమునకు దెచ్చిన గడియలోనే ఆమెయు నచ్చటికి వచ్చెను. ముసలమ్మ చదువు ముగించి, “ఆమె రోజూ పోకుంటే ఆ రోజు ఆడ ఉండకపోవు” అని మాత్రమనెను. అంతకంటె పెద్ద వ్యాఖ్యానము మేము వినలేదు.

పొరుగింటి యామె, “మా శబరి గట్లనే గద” యనెను. ఎన్నడు వచ్చునో తెలియని రామునికొఱకు ఏ దినమున కాదినము త్రోవయూడ్చి, పండ్లేరి తెచ్చిన శబరి మన యిండ్లలో నెల్లరకు తెలిసినదే. అంతట నింకొకతె, “మఱి ఊర్మిళమ్మనో? ఆమె పద్నాలుగేండ్లు పండుకున్నది” యని యనగా నందఱును నవ్విరి. పాటలలో ఊర్మిళాదేవి నిద్ర మన తల్లులకు మిక్కిలి ప్రియమైనది. అడవిలో మేల్కొనియున్న మగని వంతు నిద్ర తానుగూడ మోసినదని దాని భావము. మేము మాత్ర మా నవ్వులో గలియలేకపోతిమి. ఇన్నాళ్లు చెల్లెలిని మేము నిద్రపొమ్మనియే కదా చెప్పుచుంటిమి!

వచ్చినవారు వెంటనే పోలేదు. ప్రార్థన ముగిసిన వెనుక గోడమీది కాగితముల కట్ట క్రిందికి దిగెను. ఒకామె భర్త మస్కటులో పని పోగొట్టుకొనెను. ఒకామె కుమారుడు దుబాయిలో రోగియై పడియుండెను. వేఱొకామెకు భర్త మరణించి ఏడు నెలలైనను పనిచేయించుకొన్నవారినుండి రావలసిన సొమ్ము రాలేదు. కామారెడ్డి, నిజామాబాదు, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతములనుండి పురుషులు గల్ఫునకు పోవుట 1970ల చమురు కాలమునుండియు నున్నది. నీరు చాలని మెట్టభూములు, బోరుబావులకై చేసిన యప్పులు, ఆడబిడ్డల పెండ్లిండ్లు వారిని ఓడలకును విమానములకును ఎక్కించినవి. అచ్చట కొన్ని దేశములలో పనివాని రాకపోకలు యజమాని చేతిలో నుండును. పాసుపోర్టు లాగికొనుట చట్టవిరుద్ధమైనను జరుగుచునే యుండును. ఆ ప్రొద్దు చెల్లెలు ఆ స్త్రీల కాగితములు చదివి, పేర్లు, పాసుపోర్టు సంఖ్యలు, తేదీలు సరిచూచి, అర్జీలు వ్రాసెను. విదేశాంగశాఖవారు 2015లో ఏర్పఱచిన ‘మదద్’ అను పద్ధతిలో టెలిఫోనునుండియే ఫిర్యాదు పంపుట యెట్లో చూపెను. హైదరాబాదు ప్రజాభవనమున గల్ఫు కుటుంబములకొఱకు 2024లో పెట్టిన ప్రవాసీ ప్రజావాణిలో అర్జీ యిచ్చుట కే కాగితములు కావలెనో లెక్కపెట్టి చెప్పెను. ఆమె పదవతరగతివఱకే చదివినది. ఈ విద్య యంతయు ఈ నాలుగేండ్లలో తన భర్తకొఱకు తిరిగి తిరిగి నేర్చుకొన్నదే.

అందఱు పోయినపిమ్మట మేము వచ్చిన పని చెప్పితిమి. “మాతో రావమ్మా, ఆయన వచ్చువఱకు మాయింట నుండుము. దేవుని సమయము వచ్చునందాక ఓపిక పట్టవలెను” అంటిమి. చెల్లెలు కొంతసేపు మాటలాడలేదు. తరువాత మెల్లగా ననెను:

“అక్కా, కోపం చేయకు. నీ మాట విన్నప్పుడల్లా నన్ను నోరు మూసుకొని కూసొమ్మన్నట్టు ఉంటది. మొదటి యేడాది గట్లనే కూసున్న. ఫోను ముంగట పెట్టుకొని కూసున్న. తిండి సైసలేదు. పిలగాన్ని గూడ మంచిగ చూసుకోలేదు. ఇంకో ఆమె వచ్చి, ‘నాకు ఒక అర్జీ రాసిపెట్టు’ అన్ననాడు లేచిన.”

“అయిన, ఈ పనికొఱకే దేవుడు నిన్నీ స్థితిలో నుంచెనేమో” అని మేము ఓదార్పుగా ననబోతిమి. ఆమె తల యడ్డముగా నూపెను.

“గట్ల అంటే నేను ఒప్పుకోను, అక్కా. ఆయనను ఆడ ఆపింది మనిషి. ఈడ నన్ను ఖాళీగ ఉంచనిది దేవుడు. ఈ రెండు కలపద్దు.”

చిన్నమ్మ చీకటిలో మంచముమీదనుండి, “మంచిగ చెప్పినవు బిడ్డా” యనెను. మాకు ఆ రాత్రి చాలసేపు నిద్రపట్టలేదు.

ఎదురుచూపులన్నియు నొకటి గావని మాకప్పుడు తెలిసెను. విత్తిన గింజ మొలకెత్తుటకు, గర్భమున బిడ్డ పెరుగుటకు పట్టు కాలము సృష్టికర్త యేర్పఱచినది, దానిని త్వరపెట్టరాదు. మనుష్యులు తమ యన్యాయముచేతను, అశ్రద్ధచేతను మనమీద మోపు కాలము వేఱు. మొదటిదానిని చూపి రెండవదానిని సహింపుమనుట బోధ గాదు. ప్రభువే యొక కథ చెప్పెను. న్యాయాధిపతి దేవునికి భయపడనివాడు, మనుష్యులను లక్ష్యపెట్టనివాడు. ఒక విధవరాలు మాటిమాటికి వానియొద్దకు పోయి, తన న్యాయము తీర్చువఱకు విడువలేదు. విసుగక ప్రార్థింపవలెననుటకే ఆ కథ చెప్పబడెనని సువార్తికుడు వ్రాసెను. ప్రార్థనకు మాదిరిగా ప్రభువు చూపినది మూల కూర్చున్న స్త్రీని గాదు. కచేరి మెట్లెక్కిన స్త్రీని. ఈ కథ మేమెన్ని మాఱులు చదివితిమి! చెల్లెలి విషయమున మాత్రమది మాకు తోపకపోయెను.

ఆదివారమునాడు అందఱమును మెదకునకు బయలుదేఱితిమి. ఎల్లారెడ్డినుండి మెదకునకు పోవు త్రోవలో పోచారము జలాశయము గలదు. మంజీరలో గలియు ఆలేరు వాగుమీద, నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలమున 1916లో ఆరంభించి, 1922లో పూర్తిచేసిన రాతి యానకట్ట యిది. దీని చుట్టునున్న యడవి జింకలకును పక్షులకును అభయారణ్యము. నీరు నిండుగా, నిశ్చలముగా నుండెను. కొంగలు ఒడ్డున నిలిచియుండెను.

2025 ఆగస్టు వఱదలో ఈ కట్టమీదుగా వచ్చిన నీరు, కట్టినవారు లెక్కించినదానికంటె ఎంతయో యెక్కువ. కట్టకు ప్రక్కన కోత పడినది. తెగునేమో యని క్రింది గ్రామములవారు ప్రాణములరచేత బెట్టుకొనిరి. నూఱేండ్లు దాటిన రాతికట్ట నిలిచెను. ఆ రాత్రి తన వీధిలోని స్త్రీలందఱు ఎత్తైన యింటి మేడమీద కూడి, బిడ్డలను నడుమ నుంచుకొని, వంతులవారిగా మేల్కొనిరని చెల్లెలు చెప్పెను. “నిద్ర వచ్చినోళ్లు పండుకున్నరు, రానోళ్లు చూసిన్రు. తెల్లారి చాయ అందరం కలిసి తాగినం” అనెను. ఎదురుచూపు ఒంటిగా నున్నప్పుడు భయమగును. కూడియున్నప్పుడు కావలి యగును.

మెదకు దేవాలయము దూరమునుండియే కనబడెను. తెల్లని రాయి, ఆకాశమునంటు గోపురము. వెస్లియను మిషనుకు చెందిన చార్లెస్ వాకర్ పోస్నెట్ గారు దీనిని 1914లో ఆరంభించిరి. అది మొదటి ప్రపంచయుద్ధకాలము. ఈ ప్రాంతమున వానలు లేక కఱవు. ఆకలితో నున్న జనులకు ఊరక ధర్మముగా గాక, పని యిచ్చి అన్నము పెట్టుటకు ఈ నిర్మాణమును సాధనముగా చేసికొనిరి. రాళ్లు మోసినవారిలో స్త్రీలెందఱో యుందురు. వారి పేర్లే రాతిమీదను లేవు. 1924 డిసెంబరు 25వ తేదీన దేవాలయము ప్రతిష్ఠింపబడెను. 1947లో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పటినుండి ఇది మెదకు అధ్యక్షమండలమునకు ప్రధానాలయము.

లోపల మూడు గొప్ప రంగుటద్దముల కిటికీలు గలవు. ఆరాధన ముగిసినపిమ్మట మేము వానియెదుట చాలసేపు నిలిచితిమి. ప్రభువు పరలోకమునకు ఆరోహణమగుట చూపు కిటికీ 1927లోను, జననము చూపునది 1947లోను, సిలువమరణము చూపునది 1958లోను అమర్చబడెను. కావున ఈ మూడు చిత్రములు పూర్తియగుటకు, గుడి ప్రతిష్ఠనుండి ముప్పదినాలుగేండ్లు పట్టెను. కిటికీలు వచ్చినపిమ్మట ఆరాధన మొదలుపెట్టుదమని ఎవరును అనుకొనలేదు. చిత్రములు లేని గోడలనడుమనే పెండ్లిండ్లు జరిగెను, బిడ్డలకు బాప్తిస్మము లిచ్చిరి, చచ్చినవారిని సాగనంపిరి.

ఇంకొక విశేషము. ఈ చిత్రములు పగటివెలుగులోనే కనబడును. రాత్రి లోపల నెన్ని దీపములు పెట్టినను లోనివారికి అవి నల్లని పలకలే. రంగులన్నియు నచ్చటనే యున్నవి. బయట వెలుగు రావలెను. చెల్లెలు పిల్లవాని నెత్తుకొని, జననము చిత్రించిన కిటికీని టెలిఫోనులో ఫోటో తీసి భర్తకు పంపెను. గడియకు బదులు వచ్చెను: “బాబు బరువు పెరిగిండా?” అదియొక్కటే ప్రశ్న. చెల్లెలు చదివి నవ్వి, కొంగుతో కన్ను లొత్తుకొనెను.

అల్లుడు రాలేదు. ఇది వ్రాయు నాటికిని రాలేదు. మేము వ్రాయుచున్నది శుభవార్త కాదని చదువరులు మమ్ము మన్నింపవలెను. నిరీక్షణ ఫలించినపిమ్మట దానిని పొగడుట సులభము. ఫలింపకముందే దానిలో దేవుడున్నాడని చూపువారియొద్ద మేము రెండుదినము లుంటిమి. మాకది చాలును.

మెదకు బస్సుస్టాండులో మా దారులు వేఱాయెను. మేమును చిన్నమ్మయు సికింద్రాబాదు బస్సెక్కవలెను. చెల్లెలును పిల్లవాడును ఎల్లారెడ్డి బస్సు. ఆమెను తోడ్కొనివచ్చుట కని పోయి వట్టిచేతులతో మరలుచుంటిమి. అయినను మాకు చింత గలుగలేదు. బస్సు కిటికీలోనుండి చెల్లెలు తల వంచి, “అక్కా, మంగళారం ఇద్దరు ఆడోళ్లను తీసుకొని ప్రజాభవన్‌కు వస్త. రాత్రికి మీ ఇంట్లనే పండుకుంటం. ముగ్గురికి అన్నం వండిపెట్టు” అని కేక వేసెను.

ఇపుడు మేమును ఎదురుచూచుచున్నాము. బియ్యము చెఱిగి పెట్టితిమి. చాపలు మూడు దులిపితిమి. అర్జీలకు నకళ్లు తీయు అంగడి యెచ్చటనున్నదో విచారించితిమి. చెల్లెలికి ఇకమీదట టెలిఫోనులో ఓపిక పట్టుమని చెప్పము. “ఈవారము ఎవరి కాగితము వ్రాసితివి?” అని యడుగుదుము.